హైబ్రిడ్ కారు: మీటరు లక్ష దాటాక

పెట్రోలు ఇంజిను, కరెంటు మోటారు రెండూ కలిసి నడిపే కారు హైబ్రిడ్ కారు. దీన్ని ప్లగ్గు పెట్టి చార్జి చేయనక్కర్లేదు. ఇంజిను తిరిగినప్పుడూ, బ్రేకు తొక్కినప్పుడూ బ్యాటరీ దానంతటదే నిండుతుంది. మన దగ్గర ఈ బళ్ళ గురించి రాసేదంతా కొత్త బండి ఇచ్చే మైలేజీ మీదే. లక్ష, రెండు లక్షల కిలోమీటర్లు తిరిగాక ఆ బండి ఏమవుతుంది, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అన్నది వేరే సంగతి. పల్నాడు జిల్లా రాజుపాలెం లాంటి చోట మరీ వేరు. పెద్ద షోరూం కోసం గుంటూరు పోవాలంటే యాభై కిలోమీటర్ల పైమాట. హైదరాబాదు పోవాలంటే కొండమోడు దగ్గర అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డెక్కి, పిడుగురాళ్ళ, దాచేపల్లి, వాడపల్లి, మిర్యాలగూడ మీదుగా రెండొందల కిలోమీటర్లకు మించి నడపాలి. దారి పొడవునా సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు. నెత్తిన రాష్ట్రంలోకెల్లా పేరుమోసిన ఎండ.

ఇలాంటి చోట హైబ్రిడ్ కొనబోయేవాళ్ళు ముందుగా అడిగేది "బ్యాటరీ పోతే ఎంతవుద్ది?" అని. న్యాయమైన ప్రశ్నే. అయితే బాగా తిరిగిన హైబ్రిడ్ల చరిత్ర చూస్తే, బ్యాటరీ తన ఆయుష్షు తీరి చావడమే కాదు, గాలి అందక ముందే చావడమూ ఉంది. మిగిలిన నష్టం చాలావరకు కూలెంటు, నూనె, తెలియని చేతుల వల్ల జరుగుతుంది.

మన దేశానికి రాక

పెద్ద ఎత్తున తయారైన తొలి హైబ్రిడ్ టొయోటా ప్రియస్. 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికొచ్చింది. మన దేశానికి 2008లో హోండా సివిక్ హైబ్రిడ్, 2010లో ప్రియస్ దిగుమతి బళ్ళుగా వచ్చాయి. ధర విని జనం దణ్ణం పెట్టి ఊరుకున్నారు. 2013లో బెంగళూరు దగ్గర బిడదిలో టొయోటా కామ్రీ హైబ్రిడ్‌ను బిగించడం మొదలుపెట్టింది. అదీ పెద్దింటి బండే. 2015లో మారుతి తన సియాజ్, ఎర్టిగా డీజిల్ బళ్ళకు ఎస్‌హెచ్‌వీఎస్ అని పేరు తగిలించింది. అవి మైల్డ్ హైబ్రిడ్లు. వాటిలో మోటారు ఇంజినుకు కాస్త చేయూతనిస్తుందే తప్ప ఒంటరిగా బండిని లాగలేదు. ఆ వ్యవస్థ పాడైనా బండి మామూలు కారులా నడుస్తుంది కాబట్టి ఇక్కడ వాటి ఊసెత్తడం లేదు.

మధ్యతరగతి గుమ్మంలోకి అసలు హైబ్రిడ్ వచ్చింది 2022లో. ఆ ఏడాది మేలో హోండా సిటీ ఈ:హెచ్ఈవీ, సెప్టెంబరులో టొయోటా హైరైడర్, దాని తోబుట్టువు మారుతి గ్రాండ్ విటారా వచ్చాయి. ఏడాది చివర్లో ఇన్నోవా హైక్రాస్ ముఖం చూపించింది. హైక్రాస్‌నే 2023 జులై నుంచి మారుతి ఇన్విక్టో పేరుతో అమ్ముతోంది. హైరైడర్‌కు అధికారిక పరీక్షలో లీటరుకు 27.97 కిలోమీటర్లు, హైక్రాస్‌కు 23.24 అని రాశారు. రోడ్డు మీద అంత రాదు. పరీక్షలో వచ్చిన మైలేజీ ఏ బండికీ రోడ్డు మీద రాదు.

ఈ కంపెనీలు హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అంతవరకు హామీ ఇస్తాయి. ఇంటి అవసరాలకు తిప్పేవాళ్ళకు ముందు వచ్చేది ఏళ్ళ గడువు. అద్దెకు తిప్పేవాళ్ళకు కిలోమీటర్ల గడువే ముందు ముగుస్తుంది. తిరుపతి, శ్రీశైలం, శంషాబాద్ విమానాశ్రయం అంటూ నెలకు ఐదు వేల కిలోమీటర్లు తిరిగే బండికి మూడేళ్ళు నిండకుండానే హామీ అయిపోతుంది.

లోపల ఏముంది

టొయోటా పద్ధతిలో రెండు మోటార్లుంటాయి. ఒకటి ముఖ్యంగా ఇంజినును తిప్పి లేపడానికి, కరెంటు పుట్టించడానికి. రెండోది చక్రాలను తిప్పడానికి, బ్రేకు వేసినప్పుడు ఆ ఊపును కరెంటుగా వెనక్కి లాక్కోవడానికి. ఇంజినునూ ఈ రెండింటినీ కలిపేది ఒక ప్లానెటరీ గేరు. క్లచ్ ప్లేటు లేదు, గేరు మార్చడం లేదు, బెల్టు మీద నడిచే సీవీటీ కాదు. సెల్ఫ్ మోటారు లేదు, డైనమో లేదు. మామూలు బండిలో లక్ష దాటాక ఒకటొకటిగా జేబు ఖాళీ చేసే సామానులో సగం ఇందులో అసలే లేదన్నమాట. హోండా పద్ధతి వేరు. ఊళ్ళో మోటారే బండిని నడుపుతుంది, ఇంజిను కరెంటు పుట్టిస్తుంది. హైవే వేగంలో మాత్రం ఒక క్లచ్ ఇంజినును నేరుగా చక్రాలకు కలుపుతుంది.

మీటరు చూపే కిలోమీటర్లన్నీ ఇంజిను నడిచినవి కావు. ఊళ్ళో తిరిగే బండిలో ఇంజిను సగానికి పైగా సమయం ఆగే ఉంటుందని కంపెనీలు చెబుతాయి. కాబట్టి లక్షన్నర తిరిగిన హైబ్రిడ్ ఇంజిను, అంతే తిరిగిన మామూలు ఇంజినంత అరిగి ఉండదు. ఇది ఊరి మాట. రాజుపాలెం నుంచి వారానికోసారి హైదరాబాదు పోయొచ్చే బండికి ఈ లెక్క అంతగా వర్తించదు. గంటకు వంద వేగంలో గాలిని చీల్చుకుపోయే పని ఎక్కువగా ఇంజిను మీదే పడుతుంది.

బ్యాటరీ ఎంత కాలం

కరెంటు కారు బ్యాటరీని చూసి హైబ్రిడ్ బ్యాటరీని అంచనా వేయకూడదు. మామూలు కరెంటు కారులో ముప్పై, నలభై యూనిట్ల బ్యాటరీ ఉంటే, హైరైడర్‌లో ఉన్న లిథియం అయాన్ బ్యాటరీ ఒక యూనిట్‌కు కూడా తక్కువ, 0.76 మాత్రమే. హైక్రాస్‌లోది పాతకాలపు, మొండి నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం. ఈ చిన్న బ్యాటరీ దీర్ఘాయుష్షు గుట్టు ఏమిటంటే, దాన్ని ఎప్పుడూ నిండా నింపరు, ఎప్పుడూ ఖాళీ చేయరు. ప్రియస్‌లో కంప్యూటరు దాన్ని సుమారు 40 శాతానికీ 80 శాతానికీ మధ్యే ఆడిస్తుంది. డ్యాష్‌బోర్డు మీద గీతలు నిండుగా కనబడినా లోపల బ్యాటరీ నిండినట్టు కాదు.

అనుభవం ఏం చెబుతోంది? అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 2001లో ఒక కొత్త ప్రియస్‌ను పరీక్షించింది. పదేళ్ళ తర్వాత, 2011లో, రెండు లక్షల మైళ్ళకు పైగా, అంటే మూడు లక్షల కిలోమీటర్లు దాటి తిరిగిన 2002 ప్రియస్‌ను తెచ్చి అదే పరీక్ష పెట్టింది. మైలేజీలో తేడా లేదనే చెప్పాలి. కెనడాలోని వాంకూవర్‌లో టాక్సీగా మూడు లక్షల కిలోమీటర్లు దాటిన తొలితరం ప్రియస్‌ను టొయోటా తానే కొనుక్కుని, ఏ భాగం ఎంత అరిగిందో చూడటానికి తీసుకెళ్ళింది.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. అమెరికాలోనే 2006–08 సివిక్ హైబ్రిడ్లలో బ్యాటరీలు చాలామందికి త్వరగా చేతులెత్తేశాయి, వ్యవహారం కోర్టులదాకా పోయింది. కాబట్టి "హైబ్రిడ్ బ్యాటరీ పదిహేనేళ్ళు వస్తుంది" అని గుండుగుత్తగా చెప్పడం తప్పు. ఏ కంపెనీ, ఏ మోడల్, ఏ ఏడాది అన్నది చూసుకోవాల్సిందే.

బ్యాటరీ ఒక్కసారిగా పోదు. రెండోతరం ప్రియస్ బ్యాటరీనే తీసుకుంటే, అందులో 28 మాడ్యూళ్ళు, ఒక్కోదానిలో ఆరు సెల్లులు, మొత్తం 168. అన్నీ వరసగా కలిపి 201.6 వోల్టులు. వీటిలో ఒక్క సెల్లు బలహీనపడినా వరసంతా దాని మీదే ఆగుతుంది. మిగతావి నిండకముందే అది నిండిపోతుంది, మిగతావి ఖాళీ కాకముందే అది ఖాళీ అవుతుంది. అప్పుడు కనబడే లక్షణాలివి: చార్జి గీతలు ఒక్కసారిగా పడిపోయి, కాసేపటికే పైకి లేస్తాయి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు ఇంజిను ఊరికే లేస్తూ ఉంటుంది. వెనక సీటు దగ్గర ఫ్యాను హోరెత్తుతుంది. మైలేజీ జారుతుంది. చివరికి హెచ్చరిక దీపం వెలుగుతుంది. టొయోటా బళ్ళలో స్కానరు పెడితే వచ్చే పీ0ఏ80 అనే కోడ్‌కు అర్థం, బ్యాటరీ మార్చమని.

ఇక్కడే చవక బేరం ఎదురవుతుంది. పాడైన మాడ్యూలు ఒక్కటే మార్చి ఇస్తామనేవాళ్ళు ప్రపంచమంతా ఉన్నారు. నాలుగు నెలలు నడుస్తుంది. తర్వాత పక్కది పోతుంది. అన్నీ ఒకే వయసువి కదా. బండి అమ్మేసే ఆలోచన ఉన్నవాడికి ఆ పని లాభమేమో గానీ, ఉంచుకునేవాడికి మొత్తం ప్యాకు మార్చడమే మేలు.

పల్నాటి ఎండ, సున్నపు దుమ్ము

ఇప్పుడు చెప్పబోయేది ఈ ప్రాంతంలో హైబ్రిడ్ యజమాని అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది.

పల్నాడులోని రెంటచింతలలో వేసవిలో 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు; రాజుపాలెం దానికేమీ తీసిపోదు. బ్యాటరీకి శత్రువు వేడి. సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ లోపలి రసాయన చర్యల వేగం రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. ఆ చర్యల్లో ఆయుష్షును తినేవీ ఉన్నాయి. అందుకే బ్యాటరీని చల్లార్చడానికి ఒక ఫ్యాను పెడతారు. చాలా మోడళ్ళలో ఆ ఫ్యాను పీల్చేది బయటి గాలిని కాదు, మనం కూర్చునే చోటి గాలినే. వెనక సీటు పక్కనో, సీటు కిందో చిన్న జాలీ కనబడుతుంది. అదే బ్యాటరీకి ముక్కు.

ఆ జాలీ ఎక్కడుందో తెలియని యజమానులు చాలామంది. దాని మీద దుప్పటి మడత, గోనె సంచి, పిల్లల బ్యాగు పడి ఉంటాయి. అద్దాలు దించి సున్నపు బట్టీల మధ్య నుంచి వచ్చిన బండిలో ఆ జాలీ ఊడదీసి చూస్తే సంగతి తెలుస్తుంది. వెనక ఉన్న వడపోత గుడ్డ తెల్లగా అట్టకట్టి ఉంటుంది. దాన్ని కూడా తీస్తే లోపల ఫ్యాను రెక్కల సందుల్లో జుట్టు, దూది పీచు, సున్నపు పొడి కలిసి మెత్తటి కంబళిలా పేరుకుని ఉంటాయి. ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, శబ్దమూ వస్తుంది, గాలి మాత్రం పోదు. షోరూం వాళ్ళు చెప్పే గడువు మామూలు రోడ్లకు. పిడుగురాళ్ళ చుట్టుపక్కల తిరిగే బండికి వడపోతను ప్రతి సర్వీసులో తీసి చూడాలి, ఏడాదికోసారి ఫ్యానును విప్పి శుభ్రం చేయించాలి. ఆ పనికయ్యే ఖర్చు ఒక టైరు ఖరీదులో కొసరు.

ఇదే లెక్కన ఏసీ వేయడం దుబారా కాదు. మే నెలలో అద్దాలెత్తి ఏసీ వేసుకుంటే చల్లబడేది మనుషులే కాదు, ఆ జాలీ గుండా బ్యాటరీ కూడా. మధ్యాహ్నం ఎండలో నిలిపిన బండి ఎక్కగానే తొక్కేయకుండా, రెండు నిమిషాలు అద్దాలు దించి వేడిని బయటికి పోనిచ్చి బయలుదేరడం మంచిది. వేపచెట్టు నీడ దొరికితే ఇంకా మంచిది.

నీళ్ళు, నూనెలు

బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే పెట్టెను ఇన్వర్టరు అంటారు. ఇంట్లో కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టరుకు దూరపు చుట్టం. దీనికి ఇంజినుతో సంబంధం లేని కూలెంటు తొట్టి, కరెంటుతో నడిచే చిన్న పంపు విడిగా ఉంటాయి. బండిని 'రెడీ'లో, అంటే కదలడానికి సిద్ధంగా పెట్టి, తొట్టి మూత తీసి చూస్తే కూలెంటు కదులుతూ కనబడాలి. కదలకపోతే పంపు పోయినట్టు. పంపు చిన్నది, ఇన్వర్టరు పెద్దది. చిన్నదాన్ని పట్టించుకోకపోతే పెద్దది కాలుతుంది. తగ్గిందని బోరు నీళ్ళు పోయడం ఈ నేలలో మరీ అపాయం. సున్నపురాయి మీది నీళ్ళు కాబట్టి సన్నటి గొట్టాల్లో సున్నపు పొర కడతాయి. కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి.

ఇంజిను ఆయిలు విషయంలో మన మెకానిక్కులకు చిక్కదనం మీద మక్కువ. హైబ్రిడ్ ఇంజిను రోజుకు వందసార్లు ఆగి లేస్తుంది. అందుకే 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 వంటి పలచటి నూనె రాస్తారు. "ఇంజిను బోరు బాగుంటుంది" అని 20డబ్ల్యూ-40 పోస్తే మైలేజీ పోతుంది. 2010 తర్వాతి ప్రియస్ ఇంజినుల్లో పొగను తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ గొట్టాలు మసితో మూసుకుపోయి, చివరికి హెడ్ గ్యాస్కెట్ పోయిన ఉదాహరణలు విదేశాల్లో బోలెడు. లక్ష దాటాక ఒకసారి ఆ గొట్టాలు విప్పి కడిగించడం వాటినుంచి నేర్చిన పాఠం.

ఏసీ సంగతి చాలామందికి తెలియదు. ఇందులో కంప్రెసరు బెల్టు మీద నడవదు. పెద్ద బ్యాటరీ కరెంటుతో నడుస్తుంది. దాని నూనె కరెంటును పారనివ్వని ప్రత్యేక రకం. రోడ్డు పక్క ఏసీ షాపులో గ్యాసు నింపేటప్పుడు మామూలు బళ్ళకు వాడే నూనె పోస్తే, కరెంటు కంప్రెసరు ఒంట్లోకి లీకై బండి మొత్తం ఆగిపోయే ప్రమాదముంది. ఆ తర్వాత కంప్రెసరు, గొట్టాలు అన్నీ మార్చుకోవాల్సి రావచ్చు. గ్యాసు తక్కువైందని ఎక్కడపడితే అక్కడ ఆపకూడనిది అందుకే.

బ్రేకు ప్యాడ్లు చాలాకాలం వస్తాయి, వేగాన్ని సగం మోటారే తగ్గిస్తుంది కాబట్టి. ఎక్కువగా వాడకపోవడమే వాటికి జబ్బు: క్యాలిపర్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. ఏడాదికోసారి విప్పి గ్రీజు పెట్టించాలి. శ్రీశైలం నుంచి దోర్నాల వైపు ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ త్వరగా నిండిపోతుంది; ఆపైన మోటారు బ్రేకు పనిచేయదు. ఇంజినుతో వేగం తగ్గించే 'బి' గేరు ఉన్నది అందుకే.

రోడ్డు పక్కన ఆగిపోతే

పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా బండి లేవకపోవచ్చు. కంప్యూటర్లను మేల్కొల్పేది చిన్న 12 వోల్టుల బ్యాటరీ. అది దిగిపోతే అంతా చీకటే. పిల్లలు అమెరికా నుంచి వచ్చినప్పుడు తప్ప బయటికి తీయని బళ్ళు పల్నాటి ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. వాటికి ఈ తిప్పలు తప్పవు. రెండు మూడు వారాలకోసారైనా 'రెడీ'లో పెట్టి అరగంట నడిపితే రెండు బ్యాటరీలూ బతుకుతాయి. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టే పాత అలవాటు ఇక్కడ పనికిరాదు. టొయోటా బళ్ళలో న్యూట్రల్‌లో ఉండగా బ్యాటరీ చార్జి కాదు.

ఆగిన బండిని ట్రాక్టరుకు తాడు కట్టి లాగడం మనకు మామూలే. హైబ్రిడ్‌కు అది పనికిరాదు. ముందు చక్రాలు తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. ముందు చక్రాలు ఎత్తి గానీ, బండిని మొత్తం లారీ మీద ఎక్కించి గానీ తీసుకుపోవాలి. నారింజరంగు తొడుగున్న వైరు ఎక్కడ కనబడినా ముట్టుకోకూడదు. తెలిసిన మెకానిక్కు ముందు రబ్బరు చేతొడుగులు వేసుకుని, పెద్ద బ్యాటరీ కరెంటును తెంపే సర్వీసు ప్లగ్గు లాగి, పది నిమిషాలు ఆగి, మీటరు పెట్టి కరెంటు లేదని చూశాకే చేయి పెడతాడు. ఆ పది నిమిషాలు ఆగని వాడికి బండి అప్పగించకపోవడమే మంచిది. ఐటీఐల్లో ఇప్పుడు మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ అనే ట్రేడు వచ్చింది. అది చదివిన కుర్రాళ్ళు మన ఊళ్ళ షెడ్లకు వచ్చేదాకా పెద్ద కరెంటు పనికి షోరూమే దిక్కు; ఆయిలు, టైర్లు, బ్రేకులకు సత్తెనపల్లి, పిడుగురాళ్ళ చాలు.

లెక్క, బేరం

మామూలు ఆటోమేటిక్ పెట్రోలు కారు లీటరుకు 14, హైబ్రిడ్ 20 ఇచ్చాయనుకుందాం. రెండు లక్షల కిలోమీటర్లకు సుమారు 4,300 లీటర్ల తేడా. లీటరు 110 రూపాయల చొప్పున నాలుగు లక్షల డెబ్బై వేలు. కొనేటప్పుడు ఎక్కువ పెట్టిన సొమ్ము ఇందులో తీరాలి, బ్యాటరీ కోసం పక్కన పెట్టాల్సిందీ ఇందులోంచే రావాలి. ఏడాదికి ఐదారు వేలు తిరిగే బండికి ఇది ఎన్నటికీ తేలని లెక్క. పన్నులో హైబ్రిడ్‌కు పెద్ద దయ లేదు: నాలుగు మీటర్లు దాటిన ఈ బళ్ళకు అప్పటిదాకా సెస్సుతో కలిపి 43 శాతం ఉన్నది 2025 సెప్టెంబరు 22 నుంచి 40 అయింది, కరెంటు కారుకు 5.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు మీటరును నమ్మొద్దు, తిరగ్గొట్టడం తెలిసినవాళ్ళు ఉంటూనే ఉంటారు. షోరూం రికార్డులో ప్రతి సర్వీసు నాటి కిలోమీటర్లు ఉంటాయి, అవి తీయించాలి. స్కానరు పెట్టించి, బండి ఎత్తు మీదికి లాగుతుండగా బ్యాటరీ బ్లాకుల వోల్టేజీలు చూడాలి; అన్నీ కలిసి దిగి, కలిసి లేవాలి. ఒకటి వెనకబడితే బేరం అక్కడే ఆపేయొచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ కాలనీల్లో ఎన్నో బళ్ళు నీళ్ళలో నానాయి. కార్పెట్టు ఎత్తి, సీటు బోల్టుల తుప్పు, సీటు బెల్టు చివరంటా లాగితే కనబడే మట్టి గీత చూడకుండా ఆ వైపు బండి కొనకూడదు. నీళ్ళు తాగిన మామూలు కారును ఎండబెట్టి నడపొచ్చునేమో. హైబ్రిడ్‌ను ఏ ధరకూ తీసుకోవద్దు.

మార్చేసిన పాత ప్యాకును ఇనప సామాను కొట్టుకు వేయడం చట్టవిరుద్ధం. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2022 ప్రకారం వాడేసిన బ్యాటరీని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారుడిది. పాతది అప్పగించి, ఆ మేరకు రసీదు తీసుకున్నాకే కొత్తదానికి డబ్బు కట్టాలి.